జంట జిల్లాలో గౌరి

ఆ మంగళవారం భోజనాలయ్యాక నేను కొండలోవ పురిటిగదిని మూసేశాను. పెద్ద కష్టమేమీ కాలేదు. హాలు మధ్యలో బల్లంత తెర మీద జిల్లా పటం పరిచి ఉంది. తూర్పు కనుమల్లో ఆకుపచ్చగా వెలుగుతున్న చుక్క మీద వేలు పెట్టి నొక్కితే అది బూడిదరంగుకి మారింది. దానితోపాటు మరో ఐదు గదులు మూశాను. తర్వాత “ఏడాది నడుపు” అని ఉన్నచోట నొక్కి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

దాన్ని మేం జంట జిల్లా అనేవాళ్లం. జిల్లాలో ఉన్న ప్రతి మనిషికీ అందులో ఒక జంట ఉంటుంది. పదిహేనేళ్లుగా ఆరోగ్య కేంద్రాలు రాసిన రికార్డులన్నీ దానికి తినిపించారు. టీకాలు, బరువులు, కాన్పులు, చావులు, అన్నీ. ఈ జిల్లా మనుషులు ఎలా జబ్బు పడతారో, ఎలా లేస్తారో, ఎలా పోతారో అది వాటి నుంచే నేర్చుకుంది. మామూలు రోజుల్లో అసలు జిల్లాతో సమానంగా, రోజుకి రోజు నడుస్తుంది. ఏదైనా కొత్త పద్ధతి పరీక్షించాలంటే దానికి ఒక నకలు తీసి పరుగెత్తిస్తాం. పదకొండు నిమిషాల్లో ఏడాది గడిచిపోతుంది. చచ్చేవాళ్లెవరైనా ఉంటే ముందు అందులో చస్తారు.

నా ప్రతిపాదన చాలా తెలివైనది. ఆ మాట ఇప్పుడు నన్ను నేను తిట్టుకోవడానికి వాడుతున్నాను. రక్తం నిల్వ లేని, ఆపరేషన్ చేసే డాక్టరు లేని ఆరు చిన్న పురిటిగదులు మూసేయాలి. అక్కడి నర్సుల్లో కొందర్నీ మందుల్నీ ఏరియా ఆసుపత్రికి మార్చాలి. నొప్పులొచ్చిన తల్లిని అంబులెన్సు తీసుకొస్తుంది. అంతే.

పదకొండు నిమిషాలయ్యాక అంకె వచ్చింది. ఏడాదిలో చనిపోయే తల్లులు అరవై ఒక్కరి నుంచి ముప్ఫై ఎనిమిదికి తగ్గారు.

మేం ఎనిమిది మందిమి, అందరం ముప్ఫై లోపువాళ్లమే. రెండేళ్లు ఏదో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసి, పరీక్ష రాసి, యువ వైద్య నాయకత్వ శిక్షణకి విశాఖపట్నం వచ్చినవాళ్లం. “మందులు రాసే చేతులకి ఉత్తర్వులు రాయడం నేర్పిస్తాను” అన్నారు మొదటి రోజున మా డైరెక్టరు డాక్టర్ వేదాద్రి. ఆయనంటే మాకు ప్రాణం. ఆ మంగళవారం ఆయన నా తల మీద చెయ్యి వేసి, “ఇరవై ముగ్గురు తల్లులమ్మా, ప్రణవీ. నేను ఏడాది పొడుగునా కత్తి పట్టుకున్నా ఇంతమందిని కాపాడలేను” అన్నారు. నేను బాత్‌రూమ్‌లోకి వెళ్లి కాసేపు ఏడ్చాను. సంతోషంతోనే.

ఆరు వారాల్లో ఉత్తర్వు వెలువడింది. గదులకి తాళాలు పడ్డాయి.

ఒక ఆదివారం పొద్దున, చీర ఇస్త్రీ చేసుకుంటుంటే పైడమ్మగారు ఫోన్ చేసింది. పైడమ్మగారు కొండలోవ ఆరోగ్య కేంద్రంలో ముప్ఫై ఏళ్లుగా నర్సు. ఇరవై అయిదేళ్ల వయసులో, పుస్తకంలో తప్ప కాన్పు సరిగ్గా చూడని నేను అక్కడ డాక్టరుగా చేరితే, నన్ను డాక్టర్ని చేసింది ఆవిడే. “ఆగండమ్మా, తొందరపడకండి, బిడ్డకి దారి తెలుసు” అని నా మోచెయ్యి పట్టుకునేది. రెండేళ్లు వాళ్లింట్లోనే అన్నం తిన్నాను. వాళ్లమ్మాయి గౌరి అప్పుడు ఇంటర్ చదువుతుండేది. నా జడ వేస్తూ బోటనీ పాఠం అప్పజెప్పేది. నన్ను అక్కా అనేది.

“డాక్టరమ్మా, గౌరి పురిటికొచ్చినాది. ఎనిమిదో నెల నిండిపోనాది” అంది పైడమ్మగారు. సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు దగ్గరికి ఎక్కినట్టుంది, ఆయాసపడుతోంది. “మన గదికి తాళమేసీసినారమ్మా. నా సేతే ఏయించినారు. ఏటిది?”

నేను నవ్వాను. “నేనే వేయించాను పైడమ్మగారూ.”

“మీరా?”

“అవును. ఆ గదిలో రక్తం ఎక్కించే వీలు లేదు, ఆపరేషన్ లేదు. ఇక మీదట ఫోన్ చేస్తే చాలు, అంబులెన్సు ఇరవై అయిదు నిమిషాల్లో వస్తుంది. గంట తిరిగేసరికి గౌరి ఏరియా ఆసుపత్రిలో ఉంటుంది. అన్నీ లెక్క చూసే చేశాం.”

 

“ఏటి ఇరవై అయిదు నిమిషాలమ్మా?” అంది పైడమ్మగారు. “అది మనం రాసినదే కదా.”

ఇస్త్రీపెట్టె చీర మీదే ఉండిపోయింది. కాలిన వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు.

రికార్డులో ఒక గడి ఉంటుంది. అంబులెన్సుకి ఫోన్ చేశాక ఎన్ని నిమిషాల్లో వచ్చిందని అందులో రాయాలి. ముప్ఫై దాటితే ట్యాబ్ ఎర్రబడుతుంది. ఎందుకు ఆలస్యమైందో సంజాయిషీ రాస్తే తప్ప పేజీ ముందుకి కదలదు. ఆ సంజాయిషీ జిల్లా ఆఫీసుకి పోతుంది. కొండల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి బండి ఎక్కడుందో చెప్పే యంత్రం ఏమీ పంపదు. మేం రాసిందే రికార్డు.

అంతకుముందు ఆ గడి డాక్టర్లే నింపేవాళ్లు. నేను చేరిన మొదటి నెలలో ఆ పని పైడమ్మగారికిస్తే ఆవిడ ఉన్నదున్నట్టు రాసింది. గంటా యాభై, రెండు గంటల పది, గంటా నలభై. ఆ నెల సమీక్షలో నన్ను అరవైమంది ముందు నిలబెట్టి, “అంబులెన్సుని సమయానికి పిలవడం కూడా రాదా నీకు?” అని అడిగారు. ఘాట్‌రోడ్డు గురించి చెప్పబోతే కూర్చోమన్నారు. బయటికొచ్చాక సీనియర్ ఒకాయన నా పక్కకి చేరి, “ఇరవై అయిదు వేసెయ్. అందరం అదే వేస్తాం” అని చెప్పాడు. మంచి స్టెతస్కోపు ఎక్కడ దొరుకుతుందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆయనకి ఆయన సీనియర్ చెప్పి ఉంటాడు. మర్నాడు నేను పైడమ్మగారికి చెప్పాను.

“అబద్ధం కాదేటమ్మా?” అందావిడ.

“రికార్డే కదా పైడమ్మగారూ” అన్నాను. “దాంతో ఎవరి ప్రాణమూ పోదు.”

సోమవారం ఆ గడి మొత్తం బయటికి తీయించాను. డెబ్భై ఒక్క కేంద్రాలు, పదిహేనేళ్లు. ఇరవై అయిదు, ఇరవై అయిదు, ఇరవై నాలుగు, ఇరవై అయిదు. మిగిలిన ఏడుగురినీ పిలిచి చూపించాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందరూ తలలు దించుకున్నారు. ఫరీద్ మాత్రం, “మాది ఇరవై ఎనిమిది. మరీ ఇరవై అయిదంటే అనుమానం వస్తుందని” అన్నాడు. ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు.

కొండ కేంద్రాలన్నిటికీ ఆ గడిలో గంటా యాభై వేసి, నకలు జిల్లాని మళ్లీ పరుగెత్తించాను. ఆ పదకొండు నిమిషాలూ ఎవరం కూర్చోలేదు. తొంభై ఏడు. గదులు తెరిచి ఉంచితే అరవై ఒక్కరు పోయేవాళ్లు. మూసేస్తే తొంభై ఏడుగురు పోతారు.

వేదాద్రిగారు అంతా విన్నారు. కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఆయన మంచినీళ్లు ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకున్నారు.

“నాయకుడైనవాడు నిజం చెప్పేముందు ఆ నిజం ఏం చేస్తుందో చూసుకోవాలమ్మా” అన్నారు. “రికార్డులన్నీ తప్పని రేపు ప్రకటించాం అనుకో. అది కూడా నడిపి చూద్దాం.”

నడిపాం. జంట జిల్లాలో జనం ఆరోగ్య కేంద్రాల మొహం చూడటం మానేశారు. టీకాలకి పిల్లల్ని తేలేదు. క్షయ మందులు మధ్యలో ఆపేశారు. పదకొండు నిమిషాలయ్యేసరికి అదనంగా మూడు వందల పన్నెండు మంది పోయారు.

“చూశావా?” అన్నారు మెల్లగా.

“కానీ సార్, ఈ అంకె కూడా ఆ రికార్డుల్లోంచే వచ్చింది కదా. దీన్నెలా నమ్ముతాం?”

“మరి నీ తొంభై ఏడు ఎక్కడి నుంచి వచ్చింది?”

నేను తెర మీద అంకె వైపు చూశాను.

“నీ జ్ఞాపకంలోంచి” అన్నారాయన. “ఒక అమ్మాయి జ్ఞాపకాన్ని పట్టుకుని జిల్లాని నడపలేం. శుక్రవారం మంత్రిగారి ముందు నీ ప్రసంగం ఉంది. అది కానివ్వు. ఆరు నెలల సమీక్షలో నెమ్మదిగా సరిచేద్దాం.”

మాలో ప్రతి ఒక్కరికీ ఒక అధికారం ఉండేది. ఏదైనా ఒక్క కేంద్రానికి మూడు నెలల పాటు ఉత్తర్వు నుంచి మినహాయింపు ఇవ్వొచ్చు. కారణం రాసి సంతకం పెడితే చాలు. ఆ సాయంత్రమే కొండలోవకి మినహాయింపు రాశాను. కారణం దగ్గర, “నేను నమోదు చేయించిన సమయాలు తప్పు” అని రాశాను. సంతకం కూడా పెట్టాను. పంపలేదు.

ఎందుకు పంపలేదో దాచుకోను. అది పైకి వెళ్తే శుక్రవారం ప్రసంగం రద్దవుతుంది. ఆ ప్రసంగం బాగా జరిగితే రాష్ట్రం మొత్తానికి ఈ పని నా చేతికి వస్తుందని వేదాద్రిగారు అప్పటికే చెప్పి ఉన్నారు. రాష్ట్రం చేతికొస్తే అన్ని గదులూ నేనే తెరిపించొచ్చు కదా అనుకున్నాను. గౌరికి ఇంకా మూడు వారాల పైనే ఉంది. శుక్రవారం సాయంత్రం పంపుదాం అనుకున్నాను. పైడమ్మగారికి మాత్రం ఫోన్ చేసి, గౌరిని వెంటనే కిందికి తీసుకొచ్చేయమన్నాను. నా గదిలోనే ఉంచుకుంటానన్నాను.

“శనివారం అల్లుడు సెలవెట్టి ఒస్తాడమ్మా. ముగ్గురం బేగి దిగిపోతాం” అంది.

సరేనన్నాను. నా శుక్రవారం నాకుంది, ఆవిడ శనివారం ఆవిడకుంది.

గురువారం పొద్దున పదకొండింటికి గౌరికి రక్తస్రావం మొదలైంది. పైడమ్మగారు ట్యాంకు దగ్గరికి పరుగెత్తి అంబులెన్సుకి ఫోన్ చేసింది. తర్వాత నాకు చేసింది. నేను హాల్లో ప్రసంగం సాధన చేస్తున్నాను. ఫోన్ బ్యాగులో ఉంది. మూడుసార్లు చేసింది.

రక్తం ఆపే ఇంజెక్షన్లు ఫ్రిజ్‌తో సహా నెల కిందటే ఏరియా ఆసుపత్రికి వెళ్లిపోయాయి. తాళంచెవి మండలం ఆఫీసులో ఉంది. పైడమ్మగారు రాయితో తాళం పగలగొట్టి, ఖాళీ గదిలో ఖాళీ బల్ల మీద కూతుర్ని పడుకోబెట్టింది. ముప్ఫై ఏళ్లలో వందలమందిని బతికించిన చేతులు. ఆ రోజు ఆ చేతుల్లో పాత చీర ముక్కలు తప్ప ఏమీ లేవు. అంబులెన్సు ఒంటిగంటా అయిదుకి వచ్చింది. ఘాట్‌రోడ్డు రెండో మలుపు దగ్గర గౌరి పోయింది. కడుపులో బిడ్డ కూడా పోయింది.

ఆ సాయంత్రమే మినహాయింపు పంపాను. సోమవారం తిప్పి పంపారు. తప్పుడు నమోదు చేశానని నేనే ఒప్పుకున్నాను కాబట్టి నా సంతకం చెల్లదట. ముందే పంపినా ఇలాగే తిప్పి పంపేవాళ్లేమో. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఒక్కసారీ నమ్మలేదు.

శుక్రవారం నేను వెళ్లలేదు. నా ప్రసంగం ఫరీద్ చదివాడు. చప్పట్లు బాగానే పడ్డాయట.

గౌరి పోయిన పది రోజులకి వేదాద్రిగారు నన్ను పిలిపించారు. ఆయన కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. అది నటన అని నేను అనుకోను.

“ఇప్పుడు మన దగ్గర ఒక మరణం ఉంది” అన్నారు. “జ్ఞాపకం కాదు. అంబులెన్సు వచ్చిన గంట సాక్ష్యంతో సహా ఉంది. ఉత్తర్వు వేసిన కమిటీ ఒప్పుకుంది. కొండలోవ సమయాలు సరిచేస్తే గది తెరవమని జంట జిల్లాయే చెబుతుంది. అది చెబితే ఎవరూ కాదనలేరు. కానీ ఒక రికార్డుని రాసిన చెయ్యే దిద్దాలని నియమం. కూతురి మరణాన్ని కూడా ఆవిడే నమోదు చేయాలి, ఇంకా చేయలేదు. రెండిటికీ కలిపి ఒకటే సంతకం. ఆ నర్సుని తీసుకురా.”

ఆ మాటలు విని ఆయన్ని కొట్టాలనిపించింది. తర్వాత నన్ను నేను కొట్టుకోవాలనిపించింది. మర్నాడు కొండలోవకి ఫోన్ చేశాను.

పైడమ్మగారు రెండు రోజులాగి మధ్యాహ్నం బస్సుకి వచ్చింది. యూనిఫామ్ చీరే కట్టుకుంది. పది కాన్పులు వరసగా చేసినా అలిసినట్టు కనపడని మనిషి, హాల్లోకి మెట్లెక్కడానికి గోడ పట్టుకుంది. నేను కాళ్ల మీద పడబోయాను. “ఒద్దమ్మా” అని భుజాలు పట్టుకుని లేపింది. తిట్టి ఉంటే బాగుండేది.

కాగితం చూపించి, ఏం రాసి ఉందో చదివాను. గది తెరుచుకుంటుందని చెప్పాను. ఆవిడ తల ఊపింది. పెన్ను తీసుకుంది. అప్పుడు తెర వైపు చూసింది.

“ఇందులో మన జిల్లా జనమంతా ఉంటారన్నారు కదమ్మా” అంది. “మా గౌరి ఉందేటి?”

నేను లేదని చెప్పాల్సింది. ఈ కథలో నేను చేసిన తప్పులన్నిటిలో ఇదొక్కటే ప్రేమతో చేసిన తప్పు. గౌరి గర్భిణి కార్డు నంబరు కొట్టాను. పటం కొండల్లోకి జారి, కొండలోవ మీద ఆగింది. పైడమ్మగారి ఇంటి మీద ఆ కార్డు తాలూకు రెండు చుక్కలు వెలుగుతున్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

జంట జిల్లాలో ఆ గురువారం అంబులెన్సు ఇరవై అయిదు నిమిషాల్లో వచ్చింది. గౌరికి ఏరియా ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆరో రోజున తల్లీబిడ్డా ఇంటికి వచ్చేశారు.

“ఏ బిడ్డ?” అంది పైడమ్మగారు.

“ఆడపిల్ల.”

“బరువెంత?”

“పుట్టినప్పుడు రెండు కిలోల మూడు వందలు. ఇవాళ్టికి రెండు కిలోల అయిదు వందలు.”

“నెల తక్కువ పిల్ల కదమ్మా. పదమూడు రోజులకి రెండు వందలు పెరిగినాదంటే మంచిదే.” వేలితో ఆ చిన్న చుక్కని ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. “పాలు పడ్డట్టే.”

నేను పటాన్ని ఇంకాస్త దగ్గరికి తెచ్చాను.

“నాను సంతకమెడితే?” అని అడిగింది.

“పెద్ద చుక్క ఆరిపోతుంది పైడమ్మగారూ.”

“పిల్లది?”

“అదీ ఆరిపోతుంది.”

ఆవిడ కాగితం వైపు చూసింది. ముప్ఫై ఏళ్లుగా ఇంటింటికీ తిరిగి, ఏ బిడ్డకి ఏ రోజు ఏ సూది వేయాలో నోటికి చెప్పగల మనిషి. లోపల వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటోందని నాకు అర్థమైంది.

“ఆరు వారాల టీకా ఇంకా ఇరవై తొమ్మిది రోజులుంది” అంది. “ఆ ఒక్క సూదీ పడిపోనీండమ్మా. అప్పుడొచ్చి పెట్టీస్తాను.”

ఆ నెలలో కొండలోవలో పదకొండు మందికి నెలలు నిండుతున్నాయి. ఆ జాబితా నా బ్యాగులోనే ఉంది. ఆవిడకి జాబితా అక్కర్లేదు. ఆ పదకొండు మంది కడుపులూ తన చేతులతో చూసింది. వాళ్ల పేర్లు, వాళ్ల అత్తల పేర్లు, ఏ ఇంటికి ఏ దారిన వెళ్లాలో అన్నీ ఆవిడకి తెలుసు. నేను వాళ్ల పేర్లు చదవాల్సింది. ఒక్క పేరు చదివినా పైడమ్మగారు సంతకం పెట్టేసేది. ఆవిడ అలాంటి మనిషి.

“అలాగే పైడమ్మగారూ” అన్నాను.

ఆవిడ పెన్ను నా చేతిలో పెట్టి, కుర్చీ తెర దగ్గరికి లాక్కుని కూర్చుంది.